నకలులో నకలు

10 జూలై 1999, శనివారం

కంప్యూటరు నిండిపోయిందట.

నేను అనడం లేదు, అదే అంది. ప్రతి శనివారంలాగే ఇవాళ కూడా నాలుగింటికి ఉత్తరాల పెట్టెలో ఉన్న ఫోల్డర్లన్నీ ఒక్కసారిగా ఎంచుకుని, కాపీ కొట్టి, అదే పెట్టెలో "నకలు 10 జూలై" అని కొత్త ఫోల్డరు తెరిచి అందులో దించుతున్నాను. సగంలో ఆగిపోయింది. ఎర్ర గుండ్రంలో తెల్ల ఇంటూ గుర్తు వేసి, డిస్కులో చోటు లేదు, అక్కర్లేనివి తీసెయ్యమని ఇంగ్లీషులో చెప్పింది. ఈ మిల్లులో ఇరవై రెండేళ్లు టైపు మిషను కొట్టాను. ఒక్కనాడైనా అది "ఇక చాలు, నాలో చోటు లేదు" అని నాతో అనలేదు.

నకలు విషయంలో భన్‌పురి మిల్లుల పేట మొత్తంలో నాకు వంక పెట్టేవాడు లేడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో హెడ్‌క్లర్కు వెంకటరత్నం గారు ఒక సూత్రం చెప్పారు. ఉత్తరం పోవచ్చు, నకలు పోకూడదు. ఆ నకలు కూడా అదే ఫైల్లో ఉండాలి, వేరేచోట పెడితే దాన్ని వెతకడానికి ఇంకో మనిషి కావాలి. ఆయన పోయి పదకొండేళ్లయింది. సూత్రం నేను వదల్లేదు. మే నెలలో ఈ కంప్యూటరు వచ్చిన మొదటి శనివారం నుంచీ ఏ పెట్టెలో సరుకుందో ఆ పెట్టెలోనే నకలు పెడుతున్నాను. పెట్టెలో ఉన్నవన్నీ అంటే అన్నీ, కిందటి వారం నకలుతో సహా. నకలుకి నకలు లేకపోతే అది మాత్రం ఎన్నాళ్లు బతుకుతుంది?

ఇంత పద్ధతిగా చేసే మనిషికి చోటు లేదంటోంది. ఎవరో తినేస్తున్నారు.

11 జూలై, ఆదివారం

మా ఆయనకి చెప్పాను. మా గురునాథం గారు గూడ్సు పెట్టెలు బాగుచేసే రైల్వే వ్యాగన్ షాపులో ముప్ఫై ఏళ్లుగా ఫిట్టరు. ఏ కష్టం చెప్పినా వ్యాగన్లలోకి దింపి మాట్లాడతారు.

"నిండిపోతే ఖాళీ సెయ్యాలి గాని, ఏడిస్తే ఎలాగే?" అన్నారు.

"ఎవరు నింపారో ముందు తేలాలి కదండీ."

"వ్యాగను నిండిందంటే ఎవడు ఎత్తాడని అడగం మేము. ఏటి ఎత్తాడో తలుపు తీసి సూస్తాం."

ఆయనకి వ్యాగన్లు తప్ప లోకం తెలియదు. వంకాయ కూర బాగా కుదిరింది.

12 జూలై, సోమవారం

పొద్దున్నే నాగ్‌పూర్ పార్టీకి ఉత్తరం కొట్టి సేవ్ చెయ్యబోతే చెయ్యనంది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే ఎర్ర గుండ్రం. చివరికి అటక మీంచి పాత టైపు మిషను దింపించి కొట్టాను. రిబ్బను ఎండిపోయి అక్షరాలు దెయ్యాల్లా వచ్చాయి. మిల్లు యజమాని సేఠ్‌జీ ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"భ్రమర్‌జీ, యే క్యా హై?"

భ్రమరాంబ అనడం ఆయనకి ఇరవై రెండేళ్లలో రాలేదు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే నాకు భయం ఉండదు, అరిచి ఊరుకుంటాడు. మెత్తగా మాట్లాడాడు. "మశీన్ భర్ గయీ తో ఖాలీ కీజియే. దస్ దిన్ లీజియే. నహీఁ హోతా తో ఇన్‌స్టిట్యూట్ సే కోయీ లడ్కీ బులా లేంగే. ఆప్ గేట్ పర్ బైఠ్ జాయియే."

పది రోజులు. లేకపోతే నా చోట్లో ఇన్‌స్టిట్యూట్ నుంచి ఓ కంప్యూటరు అమ్మాయి, నాకు గేటు. గేటు కిటికీ అంటే రోడ్డు దుమ్ము, వాన జల్లు, లారీ డ్రైవర్ల బీడీ పొగ, వచ్చే బండి పోయే బండి నంబర్లు రాసుకోవడం. నలభై ఏడేళ్లొచ్చాక నేను అక్కడ కూర్చోవాలా? కంప్యూటరుతోపాటు నాకు గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు. ఈ మిల్లులో తిరిగే కుర్చీలు రెండే, ఒకటి సేఠ్‌జీది, ఒకటి నాది. దాని మీద కూర్చున్న మొదటి రోజు ఎవరూ లేనప్పుడు రెండు చుట్లు తిరిగాను. ఈ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను. ఆ కుర్చీ పోతే నేను బతకలేనని కాదు, కానీ పోకూడదు.

13 జూలై, మంగళవారం

విచారణ మొదలుపెట్టాను.

ఈ కంప్యూటరు ముట్టుకునేవాళ్లం ముగ్గురం. నేను. సేఠ్‌జీ. కాటా దగ్గర లారీల బరువు చూసే దానయ్య.

సేఠ్‌జీ వాడేది జాతకాలు వేసే ప్రోగ్రాము. అది వేసిన ప్రతి జాతకాన్నీ గళ్లతో, బొమ్మలతో తన ఫోల్డర్లో దాచిపెడుతుంది, అడగకుండానే. ఇంటిల్లిపాదివీ అయిపోయాక ఆయన లారీల జాతకాలు వేయడం మొదలుపెట్టాడు. షోరూం నుంచి బయటికి వచ్చిన ఘడియే పుట్టిన ఘడియట. ఓ లారీకి శని మహాదశ నడుస్తోందని దాన్ని బిలాస్‌పూర్ దారిలో పంపడం మానేశాడు.

దానయ్యది ఇంకో రకం పిచ్చి. గుఢియారీ పేటలో, వ్యాగన్ షాపు కాలనీలో ఉన్న మన తెలుగువాళ్ల ఇంటిపేర్ల జాబితా తయారుచేస్తున్నాడు. మన తాతల కాలంలో ఇక్కడి బడుల్లో హిందీ మాస్టర్లకి మన ఇంటిపేర్లు నోరు తిరగక, తెలుగు పిల్లలందరికీ వెనక "రావు" తగిలించి ఊరుకున్నారు. రైల్వే రికార్డుల్లోనూ అదే ఎక్కింది. ఇప్పుడు వందల కొంపలు, అందరూ రావులే. అసలు ఇంటిపేరు చాలామందికి తెలియదు. ఒకే ఇంటిపేరున్న పిల్లకీ పిల్లాడికీ తెలియక పెళ్లి చేసేస్తే అన్నాచెల్లెళ్లకి చేసినట్టే కదా అని దానయ్య దిగులు. ఆదివారాలు సైకిలు మీద తిరిగి ముసలివాళ్లని అడిగి, కాటా చీటీల వెనక రాసుకొచ్చి, సోమవారం భోజనాల వేళ ఒంటివేలితో ఎక్కిస్తాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

నన్నూ అడిగాడు. "సెల్లెమ్మా, మీ పుట్టింటి పేరేటి?" మేలో ఒకసారి, జూన్‌లో రెండుసార్లు. పని ఉందన్నాను. నిజంగానే పని ఉంది.

సరే, అసలు సంగతి. ఫోల్డరు మీద కుడిబొత్తాం నొక్కితే అది ఎంత చోటు తింటోందో చెబుతుందని కొన్నప్పుడు వచ్చిన పుస్తకంలో ఉంది. నొక్కాను. సేఠ్‌జీ జాతకాలు 61. దానయ్య ఇంటిపేర్లు 412!

నాలుగు వందల పన్నెండు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అంకెల పక్కన రెండేసి ఇంగ్లీషు అక్షరాలున్నాయి, ఒకదానికి ఎంబీ, ఒకదానికి కేబీ, ఏదో సెక్షను గుర్తులై ఉంటాయి. మొత్తం ఉత్తరాల పెట్టె మీద కూడా నొక్కాను. నా ఉత్తరాలు, నా నకళ్లు, అన్నీ కలిపి ఎంతో తెలుసా? 1.4. ఒకటిన్నర కూడా లేదు! క్రమశిక్షణ అంటే అదీ.

ఒక చిన్న తిరకాసుంది. దానయ్య ఫోల్డరు ఆ ఒకటిన్నర పెట్టె లోపలే ఉంది. లోపలిది నాలుగు వందలు, బయటిది ఒకటిన్నర ఎలా అవుతుంది? కాసేపు ఆలోచించాను. కుక్కి కుక్కి కూరి ఉంటాడు.

14 జూలై, బుధవారం

చెరిపేశాను.

సేఠ్‌జీది ముట్టుకోలేను, అన్నం పెట్టే చెయ్యి. దానయ్యది ఆఫీసు పని కాదు. ఆఫీసు కంప్యూటరులో ఆఫీసు పనే ఉండాలి. పైగా నాలుగు వందల పన్నెండు. పైగా అతను నన్ను అడక్కుండా అక్కడ పెట్టాడు. (అడిగాడు. నేను సరే అన్నాను. కానీ ఇంత పెద్దదని చెప్పలేదు.) పైగా అందరి ఇళ్ల గుట్టూ ఒకడి చేతిలో ఎందుకు? ఎన్ని కారణాలు కావాలి?

తెరిచి చూడలేదు. ఒకరి కాగితాలు చదివే అలవాటు నాకు లేదు. చెరిపాక చెత్తబుట్టలోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి కూడా దులిపేశాను.

వెంటనే నాగ్‌పూర్ ఉత్తరం మళ్లీ కొట్టి సేవ్ అన్నాను. అయింది! ఇంకొకటి కొట్టాను. అదీ అయింది. రోగం కుదిరింది. సేఠ్‌జీ దగ్గరికి వెళ్లి దోషి దొరికాడని చెప్పాను. పేరు కూడా చెప్పాను.

15 జూలై, గురువారం

హాయిగా ఉంది.

16 జూలై, శుక్రవారం

దానయ్య కిటికీ దగ్గర కనబడి "సెల్లెమ్మా, వొంట్లో బాగుంటుందా?" అన్నాడు. అతనికింకా తెలియదు. సోమవారందాకా తెలియదు. బాగానే ఉందన్నాను. అన్నం సయించలేదు, వాన వాతావరణం అలాంటిది.

17 జూలై, శనివారం

మళ్లీ నిండింది!

నాలుగింటికి నకలు మొదలుపెట్టానో లేదో ఎర్ర గుండ్రం. నాకు ఒళ్లు మండిపోయింది. చెరిపింది కనిపెట్టి మళ్లీ ఎక్కించి ఉంటాడు, ఇంకేముంది? గొడుగు కూడా లేకుండా కాటా దగ్గరికి వెళ్లాను. అక్కడ నలుగురు డ్రైవర్లున్నారు, బురదలో ఓ లారీ సగం కాటా మీదికి ఎక్కి ఉంది.

"దానయ్య గారూ, మీకు సిగ్గుండాలి. ఒకసారి చెరిపితే బుద్ధి రాలేదా? మళ్లీ నింపేశారా?"

"ఏటి సెరిపేరు?"

"మీ ఇంటిపేర్ల బాగోతం. మిషనంతా మీరే తినేస్తే మిల్లు ఉత్తరాలు ఎక్కడ పెట్టుకోవాలి, నా నెత్తి మీదా?"

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకుంటాడనుకున్నాను. తడుముకోలేదు. చేతిలో చీటీల పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"మొత్తం సెరిపీసినావా సెల్లెమ్మా?"

"మొత్తం."

"అప్పలనరసమ్మ మామ్మ మొన్న ఆరో తారీకున పోయింది కదా. ఆవిడ సెప్పినియ్యి పద్నాలుగు కొంపలున్నాయి అందులో. ఇంకెవలికీ తెలవవు."

"చీటీలు ఉంటాయి కదా, మళ్లీ ఎక్కించుకోండి. మిల్లులో కాదు, ఇంకెక్కడైనా."

"సీటీలు మిల్లు బట్టీ మంటలో ఏసీసినాను. కంప్యూటర్లోకి ఎక్కీసింది కదా, ఇంక పోదనుకున్నాను."

డ్రైవర్లు బీడీలు ఆర్పేశారు. ఈ గొడవకి సేఠ్‌జీ గొడుగేసుకుని వచ్చాడు. నేను హిందీలో మొత్తం చెప్పాను, నాలుగు వందల పన్నెండుతో సహా. "దానయ్య, ఆజ్ సే కంప్యూటర్ బంద్," అన్నాడాయన. దానయ్య తల ఊపి లారీ బరువు చూశాడు. పన్నెండు టన్నుల మూడు వందల కేజీలని గట్టిగా చదివాడు, గొంతు మామూలుగానే ఉంది.

తిట్టుంటే బాగుండేది.

18 జూలై, ఆదివారం

చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన తినేసి, చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నారు.

"ఏటే, అలాగున్నావ్?"

చెప్పాను. నాలుగు వందల పన్నెండు అంటే, "నాలుగొందల పన్నెండు ఏటి? కేజీలా, టన్నులా?" అన్నారు.

"అంకె అంకేనండీ. కంప్యూటర్లో కేజీలుంటాయా?"

"అంకెకి ఎనకాల ఏదో ఉండాలి కదే. ఉట్టి అంకె సెప్తే మా షాపులో సార్జిషీటు ఇస్తారు."

నేను కంచాలు తీశాను. ఆయన కాసేపు తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు.

"ఆ దానయ్య లిస్టులో మనదీ ఉందేటి?"

"తెలీదు. తెరవలేదు."

"ఊఁ," అన్నారు. ఇరవై నాలుగేళ్లుగా ఇంటిపేర్ల విషయం వచ్చినప్పుడల్లా ఆయన అనేది అదే.

19 జూలై, సోమవారం

మాకు కంప్యూటరు అమ్మిన పరదేశి అనే అతనికి ఫోను చేశాను. గుఢియారీలో కొట్టు, మనవాడే. కేబీ అంటే ఏమిటి, ఎంబీ అంటే ఏమిటి అని, ఊరికే, తెలుసుకుందామని అడిగాను.

"కేబీ అంటే గ్రామనుకోండి మేడమ్. ఎంబీ అంటే కేజీ. జీబీ అంటే టన్ను," అన్నాడు. "ఏం మేడమ్, డిస్కు నిండిందా? ఏదో ఫోల్డరు జీబీల్లో చూపిస్తుంటే అదే మీ దొంగ."

ఫోను పెట్టేశాను.

దానయ్యది నాలుగు వందల పన్నెండు గ్రాములు. సేఠ్‌జీ లారీల జాతకాలన్నీ కలిపి అరవై ఒక్క కేజీలు. నాది ఒకటిన్నరకి కాస్త తక్కువ, టన్నులు.

తలుపు గొళ్లెం పెట్టి ఉత్తరాల పెట్టె తెరిచాను. "నకలు 3 జూలై" తెరిస్తే అందులో "నకలు 26 జూన్". అది తెరిస్తే "నకలు 19 జూన్". అందులో ఇంకోటి. మళ్లీ పైకి వస్తే "నకలు 26 జూన్" విడిగానూ ఉంది, దాని కడుపులో దాని పిల్లలు. మే పదిహేనున మూడు కేజీల సరుకుతో మొదలుపెట్టాను. ప్రతి శనివారం ఉన్నదంతా రెట్టింపు చేశాను. మూడు ఆరు, ఆరు పన్నెండు, పన్నెండు ఇరవై నాలుగు. కాగితం మీద గుణించుకుంటూ పోతే ఎనిమిదో శనివారానికి ఏడు వందల అరవై ఎనిమిది. తొమ్మిదో శనివారం అంత సరుక్కీ మళ్లీ నకలు తియ్యబోతే పట్టక కంప్యూటరు కేక పెట్టింది, అంతే. దానయ్యది చెరిపాక రెండు ఉత్తరాలు పట్టాయంటే, రెండు ఉత్తరాలు కలిపి గ్రాముల్లో ఉంటాయి కాబట్టి.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం ఇదే. వెతికితే సరే, ఊళ్లో ఒకణ్ణి పట్టుకుని తన్నాను కూడా.

20 జూలై, మంగళవారం

ఎవరికీ తెలియదు. ఈ ముక్క పొద్దుటినుంచీ నాకు నేను చెప్పుకుంటున్నాను. నకళ్లన్నీ చెరిపేస్తే డిస్కు ఖాళీ అవుతుంది, కుర్చీ నిలబడుతుంది. దానయ్య నింపాడు, నేను ఖాళీ చేశాను, ఈ కథలో తప్పు పట్టేవాడు లేడు.

అన్నీ ఎంచుకుని డిలీట్ మీద వేలు పెట్టాను. నొక్కే ముందు తట్టింది. నకళ్లు తీసింది మొత్తం పెట్టెకి. ఆ పెట్టెలోనే దానయ్య ఫోల్డరు ఉండేది.

ఉంది. ప్రతి నకల్లోనూ ఉంది. నేను ఒకచోట చెరిపింది వందల చోట్ల కూర్చుని నన్ను చూస్తోంది. అక్కడ ఆపి మూసెయ్యొచ్చు. మూయలేదు, తెరిచాను, మొట్టమొదటిసారి. ఏ ఇంటివారు, ఏ ఊరినుంచి ఎప్పుడొచ్చారు, ఆడవాళ్ల పుట్టింటి పేరు ఏమిటి, అన్నీ గళ్లు గళ్లుగా ఉన్నాయి. నా పేరు వెతికాను.

మే 29 నకల్లో: భ్రమరాంబ, టైపు సెక్షను. అత్తింటి పేరు ముద్దాడ. పుట్టింటి పేరు గడిలో: కోపంలో ఉంది, మళ్లీ అడగాలి.

జూన్ 12 నకల్లో: మళ్లీ అడిగాను, పని ఉందంది.

జూన్ 26 నకల్లో: ఇంకా కోపమే.

జూలై 3 నకల్లో: అప్పలనరసమ్మ మామ్మ చెప్పింది. ఇది రాయకూడదు. గడి ఖాళీగా ఉంచాలి.

ఈ డైరీలో కూడా ఇన్నాళ్లు రాయనిది ఇవాళ రాస్తాను. నా పుట్టింటి పేరూ ముద్దాడే. మా నాన్నా రావే, మా మామగారూ రావే. ఇద్దరూ ఒకే షాపులో పనిచేసేవారు, సంబంధం మాట్లాడుకున్నారు, పెళ్లి చేశారు. పెళ్లయిన ఎనిమిదో నెలలో శ్రీకాకుళం వైపు ఓ పెళ్లికి వెళితే అక్కడ ఒక ముసలాయన వంశం లెక్క చెబుతూ మా రెండు ఇళ్లనీ ఒకే వేలి మీద లెక్కపెట్టాడు. మా ఆయనా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోకుండా రైలెక్కి వచ్చేశాం. అప్పటికి నాకు నాలుగో నెల కడుపు. ఎవరికీ చెప్పలేదు.

డిస్కు నిండిందని చెరిపానా, ఆ గడి ఉందని చెరిపానా? బుధవారం రాసిన కారణాలు ఇప్పుడే మళ్లీ చదివాను. అయిదున్నాయి. ఇది అందులో లేదు.

నేనేమో అతని జాబితా మొత్తం తుడిచిపెట్టాను. అతనేమో నా కోసం ఒక గడి ఖాళీగా వదిలాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

21 జూలై, బుధవారం

జాబితా తిరిగి ఇవ్వాలి. అందులో అనుమానం లేదు. నకళ్ల సంగతి బయటపడకుండా ఎలా ఇవ్వాలన్నదే ఆలోచన.

పరదేశి వచ్చి యంత్రంతో తీశాడని చెప్పొచ్చు. పరదేశి ప్రతి ఆదివారం దానయ్యతో కూర్చుని టీ తాగుతాడు.

దానంతట అదే తిరిగొచ్చిందని చెప్పొచ్చు. సేఠ్‌జీ నమ్ముతాడు, దానికో జాతకం కూడా వేస్తాడు. దానయ్య నమ్మడు.

చెప్పకుండా పాతచోట పెట్టేసి ఊరుకోవచ్చు. కానీ అతణ్ణి కంప్యూటరు ముట్టుకోవద్దన్నారు. అక్కడ పెడితే ఎవరు చూస్తారు? ముట్టుకోవద్దనిపించింది నేనే.

ఇంకేమీ తోచలేదు.

22 జూలై, గురువారం

పదో రోజు. పదకొండింటికి సేఠ్‌జీ గదిలోకి వెళ్లాను. దానయ్యని కూడా పిలవమన్నాను, అతని ముందే చెప్పాలని. సేఠ్‌జీ కుర్చీ చూపిస్తే నేను కూర్చోలేదు.

"గల్తీ మేరీ హై సేఠ్‌జీ. దానయ్య కీ నహీఁ," అన్నాను. తప్పు నాదేనని ఒప్పుకున్నాక మిగతాది హిందీలో ఎలా చెప్పానో నాకే తెలియదు. నకల్లో నకలు, అందులో నకలు అని చెబుతుంటే చేతులతో చూపించాల్సి వచ్చింది. సేఠ్‌జీ మొదట నవ్వాడు. "మత్‌లబ్ కాపీ కే పేట్ మేఁ కాపీ?" అని కడుపు చూపించి మళ్లీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చేది, వేరే రోజయితే.

నవ్వడం ఆపి అడిగాడు. "లేకిన్ ఆప్‌నే తో దానయ్య కా నామ్ లియా థా."

దానయ్య పేరు చెప్పింది నేనే, అవునన్నాను.

డిస్కు నిండినందుకు కాదు ఆయనకి కోపం. ఇంకొకడి పేరు చెప్పి ఆయన చేత శిక్ష వేయించినందుకు. ఆ కోపం న్యాయమే. దానయ్య మధ్యలో కలగజేసుకున్నాడు. తెలుగు, హిందీ కలగలిపి, "సేఠ్‌జీ, ఆవిడ నకల్ నహీఁ రఖ్తీ తో నా లిస్టు పోయేది కదా. బచ్ గయా. ఆవిడే బచాయీ," అన్నాడు, జాబితా దక్కింది నా వల్లేనట.

సేఠ్‌జీ అతని మాట విన్నాడు, నా వైపు చూశాడు, పెన్ను మూత పెట్టాడు. సోమవారం నుంచి ఇన్‌స్టిట్యూట్ అమ్మాయి వస్తుంది. నేను గేటు.

బయటికి వచ్చాక దానయ్య వరండాలో నిలబడి ఉన్నాడు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను, ఏడుపొచ్చింది. అతను అటు తిరిగి వాన చూస్తూ నిలబడ్డాడు, నేను ముక్కు తుడుచుకునేదాకా.

"అన్నయ్యా, మూడో తారీకు నకలు తెరిచి చూశాను," అన్నాను.

అతనికి అర్థమైంది. "మామ్మకి మతి సరిగ్గా లేదులే సెల్లెమ్మా ఆకర్న. ఏదో అనీసింది. నాను రాయనేదు కదా," అన్నాడు.

24 జూలై, శనివారం

కుర్చీలో ఆఖరి రోజు. జాబితా ఒక ఫ్లాపీలోకి దించి దానయ్యకిచ్చాను. ఆ తరవాత నకళ్లన్నీ ఒక్కొక్కటే చెరిపాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. డిస్కు సగానికి పైగా ఖాళీ అయింది. నాకు సంతోషం కలగలేదు.

25 జూలై, ఆదివారం

మా ఆయనకి మొత్తం చెప్పాను. గేటు సంగతి, గడి సంగతి.

ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. తరవాత, "దానయ్య ఖాళీ ఒగ్గీసినాడా?" అన్నారు.

"ఒగ్గీశాడు."

"లెక్కలో ఒక గడి ఖాళీ ఉంటే ఆ లెక్క ఎందుకూ పనికిరాదే. మనం దాసుకుంటే ఇంకొకడు దాసుకుంటాడు. రేపు మనలాగే ఇంకో జంట పడతాది."

"నలుగురూ నవ్వుతారండీ."

"నవ్వనీ. ఇరవై నాలుగేళ్లు కాపురం సేసీసినాం. ఇప్పుడేటి, నిన్ను ఎనక్కి ఇచ్చీమంటారా? ఎవలికి ఇస్తాను? మీ ఇల్లూ ముద్దాడే, మా ఇల్లూ ముద్దాడే, అటు తిప్పినా ఇటు తిప్పినా నా కొంపకే వస్తావు."

పెళ్లయ్యాక ఈ విషయం మీద మేమిద్దరం నవ్వడం ఇదే మొదలు. నవ్వి నవ్వి కళ్లొత్తుకున్నాను. ఇన్నేళ్లు ఈ మనిషి పక్కన ఇంత బరువు మోస్తూ కూర్చున్నాను, ఒక్కసారి అడిగితే పోయేది.

26 జూలై, సోమవారం

గేటు కిటికీ అనుకున్నంత ఘోరంగా లేదు. అనుకున్నంత దుమ్ముంది. మధ్యాహ్నంలోగా పదిహేడు లారీలు రాశాను. విశాఖపట్నం నుంచి వచ్చిన ఓ డ్రైవరు తెలుగు విని కిటికీలో తల దూర్చి పావుగంట మాట్లాడి వెనకాల బళ్లన్నిటి చేతా హారను కొట్టించాడు.

భోజనాల వేళ ఆఫీసు గదికి వెళ్లాను. దానయ్యకి మళ్లీ కంప్యూటరు ఇచ్చారు, ఒక అరగంట. కొత్తమ్మాయి డబ్బా విప్పుకుని పక్క బల్ల దగ్గర తింటోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. దానయ్య ఒంటివేలితో కొడుతున్నాడు.

"అన్నయ్యా, కాస్త జరుగుతారా? రెండు నిమిషాలు," అన్నాను.

జరిగాడు. నేను కూర్చున్నాను. నా వరస పట్టుకుని, ఆ ఖాళీ గడిలోకి వెళ్లి, చూడకుండా కొట్టాను. నా వేళ్లకి చూడాల్సిన పని లేదు. ముద్దాడ.

దానయ్య తెర మీదికి వంగి చూశాడు. పక్కపక్కనే రెండు గళ్లు, రెండింట్లోనూ ఒకటే పేరు. చాలాసేపు చూశాడు. కొత్తమ్మాయికి తెలుగు రాదు, అయినా గొంతు తగ్గించాడు.

"రెండిట్లోనూ ఒకటే పడిపోయిందేటి సెల్లెమ్మా. తప్పు కొట్టినావేమో, సూసుకో."

"తప్పు కాదన్నయ్యా," అన్నాను. "సేవ్ చెయ్యండి."